ఉద్యమ విద్యార్థుల అనుమానాస్పద మరణాలపై తొలిరోజే మేజిస్ట్రేటు విచారణ జరగాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఆందోళనల్లో ముందు నిలిచిన ఒక విద్యార్థి అనుమానాస్పద స్థితిలో మరణించాడన్న వార్త దేశంలో ఏ మూల నుంచి వచ్చినా, ఆ తర్వాత జరిగేదంతా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటోంది. మార్చురీ ముందు తోటి విద్యార్థులు బైఠాయిస్తారు, నాయకులు పరామర్శకు వస్తారు, పరిహారం ప్రకటిస్తారు, సీబీఐకి ఇవ్వాలని ఒకరూ రాష్ట్ర పోలీసుల ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) చాలునని మరొకరూ వాదించుకుంటారు, ఈలోగా అంత్యక్రియలు ముగిసిపోతాయి. అనంతపురం కోర్టుల్లో చాలా ఏళ్లుగా క్రిమినల్ కేసులు నడుపుతున్న నాకు, ఈ వాదనలు మొదలయ్యే వేళకే కేసు సగం చెడిపోయి ఉంటుందని తెలుసు. మృతదేహం దొరికిన చోటికి ముందుగా ఎవరు వెళ్లారు, పంచనామా ఎవరు రాశారు, శవపరీక్ష ఏ డాక్టరు ఎవరి సమక్షంలో చేశారు, మృతుడి ఫోను ఎవరి చేతికి వెళ్లింది అన్న సంగతులన్నీ మొదటి రోజే జరిగిపోతాయి, వాటిని తర్వాత ఏ పెద్ద సంస్థ వచ్చినా తిరగరాయలేదు. ఆ మొదటి రోజు పనిని, చనిపోయిన విద్యార్థితో అప్పటికే తగాదా ఉన్న స్టేషనుకే వదిలిపెట్టడం అన్యాయమనీ, దాన్ని సరిదిద్దడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదనీ చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లా ఆమ్తా ప్రాంతంలో 2022 ఫిబ్రవరి 18 రాత్రి జరిగిన అనీస్ ఖాన్ మరణం పాఠకులకు గుర్తుండే ఉంటుంది. పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా జరిగిన ఆందోళనల్లో పాల్గొన్న విద్యార్థి నాయకుడాయన. ఆ రాత్రి పోలీసులమంటూ నలుగురు ఇంటికి వచ్చారనీ, యూనిఫాంలో ఉన్న ఒకరు తనను కిందనే నిలబెట్టేయగా మిగిలినవాళ్లు పైకి వెళ్లారనీ, కాసేపటికి చూస్తే కొడుకు మేడ మీది నుంచి కింద పడి ఉన్నాడనీ తండ్రి చెప్పారు. కొద్ది రోజులకే ఒక హోంగార్డునూ పోలీసులకు సాయంగా పనిచేసే ఒక సివిక్ వాలంటీరునూ అరెస్టు చేశారు. రాష్ట్ర ప్రభుత్వం సిట్ వేసింది, కానీ తమ రాష్ట్ర పోలీసుల మీద తనకు నమ్మకం లేదని, సీబీఐకే అప్పగించాలని ఆ తండ్రి పట్టుబట్టారు. కలకత్తా హైకోర్టు ఆదేశాల మేరకు జిల్లా జడ్జి పర్యవేక్షణలో, ఖననం చేసిన దేహాన్ని వెలికితీసి రెండోసారి శవపరీక్ష చేశారు. అదే ఏడాది జూన్‌లో హైకోర్టు సీబీఐ విచారణకు నిరాకరించి సిట్ దర్యాప్తునే కొనసాగించమంది.

ఇందులో ఎవరు దోషులన్నది తేల్చవలసింది అక్కడి న్యాయస్థానం. నేను చెప్పదలచుకున్నది వేరే విషయం. కొడుకును పూడ్చిపెట్టిన తండ్రి, ఆ మట్టిని తిరిగి తవ్వించడానికి ఒప్పుకోవలసి రావడం ఎంత నరకమో ఊహించుకోండి. మొదటి పరీక్ష మీద ఆ కుటుంబానికి నమ్మకం కుదిరి ఉంటే ఆ అవసరమే వచ్చేది కాదు. పైగా అక్కడ ఖననం చేశారు గనుక రెండో పరీక్షకు వీలైంది. దహనం చేసే ఇళ్లలో ఆ వీలు కూడా ఉండదు. మన జిల్లాల్లో పూడ్చే ఆచారం ఉన్న కుటుంబాలున్నాయి, కాల్చే ఆచారం ఉన్నవీ ఉన్నాయి. ఒక మరణం వెనుక నిజం బయటపడటమన్నది ఆ ఇంటి అంత్యక్రియల ఆచారం మీద ఆధారపడి ఉండటమేమిటి? అందుకే మొదటి శవపరీక్షే ఆఖరుదన్న జాగ్రత్తతో చేయాలంటున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఊరు ఊరంతా రోడ్డెక్కిన తర్వాత రీపోస్టుమార్టానికి ఆదేశాలిస్తే, అప్పటికి శరీరం చెప్పగలిగిన సంగతుల్లో చాలా భాగం మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

మొదటి దర్యాప్తు దారి తప్పితే ఎంత నష్టమో మన రాష్ట్రానికి వేరెవరూ చెప్పనక్కర్లేదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసులో కింది కోర్టు శిక్ష వేసిన యువకుణ్ణి 2017 మార్చిలో హైకోర్టు నిర్దోషిగా విడుదల చేసింది. ఆ తర్వాత కేసు సీబీఐ చేతికి వెళ్తే, కీలకమైన సాక్ష్యాధారాలు కోర్టు భద్రతలో ఉండగానే ధ్వంసమైపోయాయని తేలింది. హత్య జరిగిన పన్నెండేళ్లకు, 2019 డిసెంబరులో, ఆ అమ్మాయి అవశేషాలను వెలికితీసి మళ్లీ పరీక్షించారు. ఒక కుటుంబం బిడ్డను పోగొట్టుకుంది, మరొక కుటుంబం బిడ్డ చేయని నేరానికి ఏళ్ల తరబడి జైల్లో ఉన్నాడు. కర్నూలులో 2017లో అనుమానాస్పదంగా మరణించిన ఒక విద్యార్థిని తల్లి నేటికీ న్యాయం కోసం కాళ్లరిగేలా తిరుగుతూనే ఉన్నారు. ఈ ఇద్దరు అమ్మాయిలూ ఉద్యమకారులు కారు. ఏ రాజకీయమూ లేని విద్యార్థుల మరణాల్లోనే దర్యాప్తు ఇలా ఏడిస్తే, పోలీసులతోనో యాజమాన్యాలతోనో ప్రభుత్వంతోనో నేరుగా తలపడిన విద్యార్థి చనిపోయినప్పుడు అతని తల్లిదండ్రులు ఎవరిని నమ్మాలి?

శవ పంచనామా ఎలా రాస్తారో దగ్గరుండి చూసినవాళ్లకు నా ఆందోళన ఇట్టే అర్థమవుతుంది. మార్చురీ వరండాలో సిమెంటు అరుగు మీద కూర్చుని హెడ్ కానిస్టేబులు మోకాలి మీద ప్యాడ్ పెట్టుకుని రాస్తుంటారు. పంచాయతీదారులుగా ఆ వేళకు అక్కడ దొరికిన నలుగురు పేర్లు రాస్తారు. ముందు రోజు నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టని తండ్రిని పిలిచి, "పెద్దాయనా, నీకెవరి మీదన్నా అనుమానముందా?" అని అడుగుతారు. "నాకేం తెల్సు సార్, పొద్దున ఫోనొస్తే వచ్చినాము" అంటాడు ఆయన. కాగితం మీద అది "ఎవరి మీదా అనుమానం లేదు" అని మారుతుంది. కింద వేలిముద్ర పడుతుంది. రాసింది చదివి వినిపించినట్టు ఒక వాక్యం చివర్లో ఎలాగూ ఉంటుంది. ఆరు నెలలు గడిచాక, బిడ్డ స్నేహితుల ద్వారా కొన్ని సంగతులు తెలిసి అదే తండ్రి కోర్టుకొస్తే, అవతలి వకీలు ఆ కాగితాన్నే ఆయన ముందు పెట్టి, మొదటి రోజే అనుమానం లేదని చెప్పిన నువ్వు ఇప్పుడెవరో చెబితే మాట మారుస్తున్నావని నిలదీస్తాడు. ఇన్‌క్వెస్టు, అంటే ఈ శవ పంచనామా, ఉద్దేశం మరణానికి కనిపించే కారణాన్ని నమోదు చేయడం వరకేనని, దాడి ఎలా జరిగింది, ఎవరు చేశారు అన్న వివరాలు దాని పరిధిలోకి రావని సుప్రీంకోర్టు 1975లోనే, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పెద్ద నారాయణ కేసులోనే చెప్పింది. అయినా ఆ కాగితం తండ్రిని వెంటాడుతూనే ఉంటుంది, ఎందుకంటే మొదట రాసిన మాటకున్న బరువు తర్వాత చెప్పిన మాటకు రాదు.

శవపరీక్ష సంగతీ అంతే. ఉరి వేసుకున్నాడని చెప్పిన కేసులో ముడి దగ్గర కోయకుండా తాడును వేరే చోట కోసి ముడిని అలాగే భద్రపరచాలి, మెడ మీది గుర్తు ఏ దిశలో ఉందో కొలిచి రాయాలి. పెనుగులాట జరిగిందా అన్నది తెలియాలంటే గోళ్ల కత్తిరింపులు తీసి దాచాలి. నీళ్లలో దొరికిన దేహమైతే బతికుండగా మునిగాడా, చచ్చాక పడేశారా అన్నది తేల్చే పరీక్షలు వేరే ఉన్నాయి. ఒంటి మీది బట్టలను తడితోనే ప్లాస్టిక్ సంచిలో కుక్కితే అవి కుళ్లిపోయి రక్తపు మరకలు పనికిరాకుండా పోతాయి, వాటిని నీడన ఆరబెట్టి కాగితంలో చుట్టాలి. ఇవన్నీ ఫోరెన్సిక్ మెడిసిన్ చదివిన ప్రతి డాక్టరుకూ తెలిసినవే. అయితే ఒకే డాక్టరు పొద్దున ఓపీ చూసి మధ్యాహ్నం పోస్టుమార్టం చేయవలసిన ఏరియా ఆసుపత్రిలో, బయట జనం అరుస్తుండగా, ఎస్‌ఐ తొందరపెడుతుండగా ఇవన్నీ సక్రమంగా జరుగుతాయని ఆశించలేం. కర్నూలు, అనంతపురం, కడప మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి, వాటిలో ఫోరెన్సిక్ మెడిసిన్ విభాగాలున్నాయి. ఇలాంటి మరణాల్లో దేహాన్ని అక్కడికే పంపాలన్న నియమం పెట్టడానికి ప్రభుత్వానికి అదనంగా అయ్యే ఖర్చు అంబులెన్సు డీజిలే.

శరీరం మీది గాయాలను శ్రద్ధగా చదివితే కట్టుకథ ఎలా కూలిపోతుందో చెప్పడానికి సుమన్ బెహెరా కేసును మించిన ఉదాహరణ నాకు తెలిసినంతలో లేదు. ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లాలో 1987 డిసెంబరు 1న ఒక దొంగతనం కేసులో పోలీసులు తీసుకెళ్లిన ఈ 22 ఏళ్ల యువకుడి మృతదేహం మరునాడు రైలు పట్టాల దగ్గర దొరికింది. కట్టిన తాడును పళ్లతో కొరికి తెల్లవారుజామున పారిపోయాడనీ, రైలు కింద పడి చనిపోయాడనీ పోలీసులు చెప్పారు. తల్లి నీలబతి బెహెరా సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాస్తే, కోర్టు దాన్నే రిట్ పిటిషన్‌గా స్వీకరించి, జిల్లా జడ్జి చేత విచారణ జరిపించింది. ఆ గాయాలు రైలు ఢీకొట్టడం వల్ల అయినవి కావనీ, లాఠీ వంటి మొద్దు ఆయుధంతో కొట్టినవనీ వైద్యసాక్ష్యం బలంగా ఉండటంతో కస్టడీలో కొట్టడం వల్లే మరణించాడని తేలింది. 1993లో సుప్రీంకోర్టు ఆ తల్లికి 1,50,000 రూపాయల పరిహారం ఇప్పించడమే కాక, ప్రాథమిక హక్కుకు భంగం కలిగినప్పుడు పరిహారం చెల్లించే బాధ్యతను తప్పించుకోవడానికి ప్రభుత్వం సార్వభౌమాధికారపు సాకు చెప్పకూడదని స్పష్టం చేసింది. పట్టాల మీద దొరికిన శవమంటే ఆత్మహత్యేనని ఇప్పటికీ మొదటి గంటలోనే తేల్చేసే అధికారులు ఈ తీర్పును ఒక్కసారి చదివితే బాగుంటుంది.

ఇక చట్టం విషయానికొస్తాను. పోలీసు కస్టడీలో మనిషి చనిపోతే కట్టుదిట్టమైన నియమాలే ఉన్నాయి. జిల్లా కలెక్టరు గానీ ఎస్పీ గానీ 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు తెలియజేయాలని 1993లోను, శవపరీక్షను వీడియో తీయించాలని 1995లోను కమిషన్ ఆదేశించింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 196వ సెక్షన్ ప్రకారం కస్టడీ మరణంపై పోలీసుల దర్యాప్తుకు అదనంగా మేజిస్ట్రేటు విచారణ జరిగి తీరాలి, వీలైనంత వరకు మృతుడి బంధువులకు ముందుగా తెలిపి విచారణలో ఉండనివ్వాలి. దానికి ముందున్న పాత నేరశిక్షాస్మృతి (సీఆర్‌పీసీ) 176వ సెక్షన్‌లోనూ ఇవే నియమాలుండేవి. చిక్కంతా కస్టడీ అన్న మాట దగ్గరే ఉంది. ఒక విద్యార్థి నాయకుణ్ణి పొద్దున స్టేషనుకు పిలిపించారనుకుందాం. సాయంత్రం ఆరింటికి పంపించేశామని జనరల్ డైరీలో రాసుకున్నారనుకుందాం. మరునాడు అతని దేహం ఊరి బయట బావిలో దొరికితే అది కస్టడీ మరణం కాదు. దానికి వీడియో అక్కర్లేదు, మేజిస్ట్రేటు రానక్కర్లేదు, ఎవరికీ 24 గంటల్లో చెప్పనక్కర్లేదు. 194వ సెక్షన్ కింద అసహజ మరణంగా నమోదు చేసుకుని, అదే స్టేషను ఎస్‌ఐ పంచనామా రాసి, అదే స్టేషను కానిస్టేబులు దేహాన్ని మార్చురీకి చేర్చి, అదే స్టేషనులో ఫైలు ముగిసిపోవచ్చు. ఆ విద్యార్థి చివరిసారి ఎవరి ఎదుట ఉన్నాడో వాళ్లే, అతన్ని చివరిసారి ప్రాణాలతో ఎవరు చూశారన్న గడిని నింపుతారు.

ఈ లోపానికి మందు అదే 196వ సెక్షన్‌లో, దాని మొదటి ఉపసెక్షన్‌లోనే ఉంది. కస్టడీతో సంబంధం లేని అసహజ మరణాల్లోనూ ఇన్‌క్వెస్టు చేసే అధికారమున్న మేజిస్ట్రేటు, పోలీసు దర్యాప్తుకు బదులుగా గానీ అదనంగా గానీ, మరణకారణంపై విచారణ జరపవచ్చునని అది చెబుతోంది. జిల్లా మేజిస్ట్రేటుకూ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకూ, అంటే మన కలెక్టరుకూ ఆర్డీవోకూ, ఆ అధికారం ఈ రోజే ఉంది. పెళ్లయిన ఏడేళ్లలోపు మహిళ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా మరణించినా విచారణ జరిపి తీరాలని అదే సెక్షన్ చెబుతుండగా మిగిలిన కేసుల్లో "జరపవచ్చు" అని వదిలేయడంతో, గొడవ పెద్దదై ఎమ్మెల్యే ఫోను చేస్తే గానీ ఏ ఆర్డీవో కదలడం లేదు. ఆందోళనకు సంబంధించి కేసు గానీ నోటీసు గానీ బైండోవరు (గొడవలకు పోనని పూచీకత్తు రాయించుకోవడం) గానీ ఎదుర్కొంటున్న విద్యార్థి, లేదా తనకు ప్రాణభయం ఉందని ఎవరికైనా ఫిర్యాదు చేసుకున్న విద్యార్థి, అసహజంగా మరణిస్తే ఆ రోజే సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు స్వయంగా ఇన్‌క్వెస్టు జరపాలని రాష్ట్ర ప్రభుత్వం కలెక్టర్లందరికీ ఒక ఉత్తర్వు ఇవ్వాలని కోరుతున్నాను. దీనికి శాసనసభ కూర్చోనక్కర్లేదు, ఒక జీవో చాలు.

దర్యాప్తు అధికారి కూడా వేరే సబ్ డివిజన్ నుంచి రావాలి. ఎన్‌కౌంటర్ మరణాలను సీఐడీ గానీ మరొక స్టేషనుకు చెందిన బృందం గానీ పైఅధికారి పర్యవేక్షణలో దర్యాప్తు చేయాలని 2014లో సుప్రీంకోర్టు, పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో మార్గదర్శకాలిచ్చింది. పోలీసులతో వైరం ఉన్న విద్యార్థి మరణానికి అదే సూత్రాన్ని వర్తింపజేయడానికి ఏ అడ్డంకీ లేదు. నిజానికి తప్పు చేయని ఎస్‌ఐకి కూడా ఇందులో రక్షణ ఉంది. ప్రతి విద్యార్థి మరణమూ హత్య కాదు, ప్రతి హత్య వెనుకా పోలీసులు ఉండరు. హాస్టల్ గొడవలు, అప్పులు, చదువుల ఒత్తిడి, ఇంటి కష్టాలు, కులపు పగలు, ఏదైనా ఉండవచ్చు. సొంత స్టేషనే దర్యాప్తు చేసి ఆత్మహత్య అని నిజమే చెప్పినా ఎవరూ నమ్మరు, ఆ అపనమ్మకం ఆ అధికారి పేరుకు జీవితాంతం అంటుకుని ఉంటుంది.

సాక్ష్యం చెప్పేవాళ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఉద్యమంలో ఉన్న విద్యార్థి మరణంలో అసలు సాక్షులు అతని స్నేహితులే. అతనితో పాటు రోడ్డు మీద కూర్చున్నవాళ్లు, అదే కేసులో నిందితులుగా ఉన్నవాళ్లు, అదే హాస్టల్లో పక్క మంచం వాళ్లు. 2021 నవంబరులో ఎయిడెడ్ కళాశాలల విషయమై ఇక్కడ అనంతపురంలో ఆందోళన చేసిన విద్యార్థులపై లాఠీచార్జి జరిగి కొందరు గాయపడిన సంగతి జిల్లా మరచిపోలేదు. అటువంటి ఆందోళనల తర్వాత పిల్లల మీద పెట్టే కేసులు ఏళ్ల తరబడి వాయిదాల్లో నలుగుతాయి, ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ వచ్చేదాకా ఆ కేసు ఒకటుందన్న సంగతి కొందరికి తెలియను కూడా తెలియదు. అలాంటి పిల్లవాణ్ణి పిలిచి, నీ స్నేహితుడు చనిపోయిన రాత్రి ఏం చూశావో చెప్పమంటే, హాల్ టికెట్టు ఆపేస్తారేమో, టీసీలో ఏం రాస్తారో, బైండోవరు చేస్తారేమో అన్న భయంతో నోరు విప్పడు. ఊళ్లో అమ్మానాన్నలు ఫోన్లు చేసి, "ఆ గొడవల్లోకి నువ్వు పోవద్దు నాయనా" అని ప్రాధేయపడతారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇలాంటి సాక్షుల వాంగ్మూలాలను పోలీసుల ఎదుట కాక, కొత్త సంహితలోని 183వ సెక్షన్ కింద జ్యుడీషియల్ మేజిస్ట్రేటు ఎదుట వెంటనే నమోదు చేయించాలి. సాక్షుల రక్షణ పథకానికి సుప్రీంకోర్టు 2018లో ఆమోదం తెలిపింది, కొత్త సంహితలోని 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ ఇలాంటి పథకాన్ని తెచ్చి తీరాలంటోంది. ఒక హాస్టల్ విద్యార్థికి ఆ పథకం కింద రక్షణ ఎలా అందుతుందో జిల్లా అధికారులు ఎప్పుడైనా కళాశాలల్లో చెప్పారా?

విద్యాసంస్థల పెద్దలు ఎలా నడుచుకోవాలో చెప్పడానికి కేరళలోని రాజన్ ఉదంతాన్ని గుర్తు చేస్తాను. ఎమర్జెన్సీ కాలంలో, 1976 మార్చి 1 తెల్లవారుజామున, కాలికట్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థి పి. రాజన్‌ను పోలీసులు తీసుకెళ్లారు. కక్కయం పోలీసు శిబిరంలో చిత్రహింసల వల్ల అతను మరణించాడు. దేహం ఈనాటికీ దొరకలేదు. తండ్రి, హిందీ ఆచార్యుడు ఈచర వారియర్, ఏడాది పాటు తిరగని ఆఫీసు లేదు, కలవని నాయకుడు లేడు. 1977 మార్చిలో ఆయన కొడుకును కోర్టు ముందు హాజరుపరచాలంటూ హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ వేస్తే, రాజన్‌ను అసలు అరెస్టే చేయలేదని ప్రభుత్వం ప్రమాణపత్రం ఇచ్చింది. ఆ అబద్ధాన్ని కూల్చినవి కొన్ని మామూలు సాక్ష్యాలు. విద్యార్థిని పోలీసులు తీసుకెళ్లారని ప్రిన్సిపాల్ ఆనాడే తండ్రికి ఉత్తరం రాశారు, హాస్టల్లో ఉన్నవాళ్లు, శిబిరంలో చూసినవాళ్లు కోర్టుకొచ్చి చెప్పారు. రాజన్ పోలీసు కస్టడీలో ఉన్నాడని హైకోర్టు తేల్చడంతో, అరెస్టు జరిగినప్పుడు హోంమంత్రిగా ఉండి అప్పుడే ముఖ్యమంత్రి అయిన కె. కరుణాకరన్ 1977 ఏప్రిల్‌లో రాజీనామా చేయవలసి వచ్చింది. ఎమర్జెన్సీలో, పత్రికల నోళ్లు నొక్కేసిన రోజుల్లో, ఒక ప్రిన్సిపాల్ తన విద్యార్థి తండ్రికి రాసిన ఉత్తరమది. ఈ రోజు అంత భయం లేదు కదా! పోలీసులు క్యాంపస్‌లోకి వచ్చి విద్యార్థిని తీసుకెళ్తే ఆ సమయాన్ని, వచ్చిన అధికారి పేరును, వాహనం నంబరును రిజిస్టరులో రాసి, ఆ రోజే తల్లిదండ్రులకు రాతపూర్వకంగా తెలపడం ప్రతి కళాశాల, ప్రతి విశ్వవిద్యాలయం విధిగా పాటించాలి.

సాంకేతిక ఆధారాల గురించి రెండు మాటలు. ప్రతి పోలీసు స్టేషనులో సీసీ కెమెరాలుండాలని, రికార్డింగును 18 నెలలు, అందుకు వీలుకాకపోతే కనీసం ఏడాది భద్రపరచాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మెడికల్ షాపు ముందరి కెమెరాకూ, బస్టాండు పక్క హోటల్ కెమెరాకూ ఆ నియమం లేదు. వాటిలో పాత దృశ్యాల మీద కొత్తవి కొద్ది రోజుల్లోనే పడిపోతాయి. అందుకే విద్యార్థి చివరగా తిరిగిన దారిలోని రికార్డింగులన్నిటినీ అదే రోజు స్వాధీనం చేసుకోవాలి. ఫోనును మాత్రం కుటుంబ సభ్యుల ఎదుట సీలు వేయాలి. సీలు లేకుండా వారం రోజులు స్టేషను బీరువాలో ఉన్న ఫోనులో తర్వాత ఏం దొరికినా, ఏం దొరకకపోయినా అది తగాదాకే దారితీస్తుంది.

పత్రికల వారికి కూడా నాదొక విన్నపం ఉంది, అందుకే ఈ లేఖ మీకు రాస్తున్నాను. మరణించిన మరునాడే "ప్రేమ వ్యవహారమే కారణమా?" అన్న శీర్షికలు కనిపిస్తాయి. ఆ సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో వార్తలో ఉండదు, "పోలీసు వర్గాల సమాచారం" అని ఉంటుంది. శవపరీక్ష నివేదిక రాకముందే ఆ పిల్లవాడికి తాగుడు అలవాటుందనో, అప్పులున్నాయనో, మానసికంగా కుంగిపోయాడనో రాసేస్తే, ఊళ్లో ఆ కుటుంబం తలెత్తుకు తిరగలేదు, సాక్షులు కూడా మనకెందుకులే అని వెనక్కి తగ్గుతారు. పేరు చెప్పడానికి ఇష్టపడని అధికారి చెప్పిన మాటను చనిపోయిన మనిషి నడవడిక గురించిన వార్తగా వేయకూడదని మీ పత్రికైనా నియమం పెట్టుకోవాలని కోరుతున్నాను. అదే సమయంలో, విద్యార్థి సంఘాల సోదరులు కూడా ఆధారం లేకుండా ఒకరి పేరు పట్టుకుని హంతకుడని గోడల మీద రాయడం మానాలి. అది రేపు కోర్టులో నిందితుడి పక్షాన వాదనగా మారుతుంది.

న్యాయం కోరే కుటుంబాలకు కొన్ని గడువులు తెలియక కూడా నష్టం జరుగుతోంది. మానవ హక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం ఘటన జరిగిన ఏడాది దాటితే కమిషన్ ఆ ఫిర్యాదును విచారించడానికి వీల్లేదు. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ కార్యాలయాన్ని 2021లో మన కర్నూలులోనే ప్రారంభించారు, అయినా ఈ గడువు తెలియక, ముందు పోలీసులు చూస్తారు, తర్వాత నాయకులు చూస్తారు అని ఎదురుచూసి, ఏడాది దాటాక మా ఛాంబర్ల మెట్లెక్కేవారున్నారు. ఎఫ్ఐఆర్ నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని, 90 రోజుల్లో దర్యాప్తు పురోగతిని తెలియజేయాలని కొత్త సంహిత చెబుతోంది. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి పంపవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. హత్య వంటి నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తుంటే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలిత కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. జిల్లా న్యాయసేవాధికార సంస్థ తలచుకుంటే ఇలాంటి మరణం జరిగిన రోజే ఒక న్యాయవాదిని మార్చురీ దగ్గరకు పంపి, పంచనామాలో ఏం రాస్తున్నారో ఆ తల్లిదండ్రులకు చదివి వినిపించి, వాళ్ల అనుమానాలు వాళ్ల మాటల్లోనే నమోదయ్యేలా చూడగలదు. పిలిస్తే రావడానికి మా బార్‌లో సిద్ధంగా ఉన్న జూనియర్లు చాలామంది ఉన్నారు. వారిలో నేనెరిగిన కొందరు ఈ జిల్లాలోనే విద్యార్థి ఉద్యమాల్లో పనిచేసి వచ్చినవారు.

పరిహారం గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మార్చురీ దగ్గరే చెక్కు ప్రకటించి, దేహాన్ని తొందరగా తీసుకెళ్లమని పెద్దమనుషుల చేత చెప్పించే పద్ధతి మానుకోవాలి. పేద తల్లిదండ్రులకు ఆ డబ్బు అవసరమే, దాన్ని తీసుకున్నందుకు వాళ్లను ఎవరూ వేలెత్తి చూపకూడదు. అయితే ఆ చెక్కు మేజిస్ట్రేటు ఇన్‌క్వెస్టు, వీడియో తీసిన శవపరీక్ష పూర్తయ్యాకే వారి చేతికి అందాలి. దానికి బదులుగా ఏ కాగితం మీదా సంతకం తీసుకోకూడదు. నేను పైన కోరిన ఉత్తర్వులో ఈ నిబంధన కూడా ఉండాలి. హోంశాఖ, ఉన్నత విద్యాశాఖ ఈ విషయమై ఏమంటాయో మీ విలేఖరులు అడిగి, వారి సమాధానాన్ని ఇదే పుటలో ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక న్యాయవాది,
అనంతపురం.